సీసాలో పచ్చకాయ, డబ్బాలో నల్లకాయ

ఆలివ్ కాయను చెట్టుమీద నుంచి కోసి నేరుగా నోట్లో వేసుకొన్నవారు రెండోసారి ఆ పని చేయరు. చూడడానికి అది నున్నగా, నిగనిగలాడుతూ రేగుకాయలాగా ఉంటుంది. కొరికితే మాత్రం నాలుకమీద చేదు చాలాసేపు వదలదు. అయినా మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలవారు వేల సంవత్సరాలుగా ఈ కాయను ఇష్టంగా తింటున్నారు. మనకు అన్నంలో ఊరగాయ ఎలాగో, వారికి రొట్టెతో ఆలివ్ కాయ అలాగ. మరి ఆ చేదు ఎక్కడికి పోయింది? దాన్ని పోగొట్టడానికి మనుషులు ఒక పద్ధతి కాదు, ఎన్నో పద్ధతులు కనిపెట్టారు. ఏ పద్ధతిలో చేదు పోగొట్టారన్నదాన్ని బట్టే ఆ కాయ గాజుసీసాలోకి వెళ్ళాలా, రేకుడబ్బాలోకి వెళ్ళాలా అన్నది తేలుతుంది. ఈ సంగతి పూర్తిగా తెలియని రోజుల్లో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకొన్నారు.

ముందు చెట్టు సంగతి చూద్దాం. తెలుగు బైబిలులో 'ఒలీవ' అని కనిపించేది, ఉర్దూ, హిందీ మాట్లాడేవారు 'జైతూన్' అనేది ఈ చెట్టునే. మన మల్లె, జాజి, పారిజాతం ఈ చెట్టు కుటుంబానికి చెందినవే. ఆలివ్ పూలు కూడా చిన్నవిగా, తెల్లగా ఉంటాయి. వాసనలో మాత్రం మల్లెకు సాటిరావు. మామిడికాయకు ఉన్నట్లే దీని కాయకు పైన తోలు, లోపల కండ, నడుమ టెంక ఉంటాయి. కాని మామిడిలో పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది. ఆలివ్‌లో నూనె పెరుగుతుంది. ప్రపంచంలో పండే ఆలివ్ కాయల్లో ఎక్కువ భాగం నూనె గానుగలకే పోతుంది. మిగిలిన కొద్ది భాగాన్నే తినే కాయలుగా తయారుచేస్తారు. స్పెయిన్, ఈజిప్టు, టర్కీ, గ్రీసు, మొరాకో దేశాలు ఈ పనిలో ముందున్నాయి.

పచ్చ ఆలివ్ ఒక జాతి చెట్టుకు, నల్ల ఆలివ్ మరొక జాతి చెట్టుకు కాస్తాయని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. ఏ ఆలివ్ కాయ అయినా మొదట ఆకుపచ్చగా ఉంటుంది. తరువాత పసుపు తిరిగి, ఆపైన ఊదారంగు పట్టి, చివరకు నల్లబడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోస్తే పచ్చకాయ. చలికాలం దాకా చెట్టుమీదే ఉంచితే నల్లకాయ. అయితే రకాలు లేకపోలేదు. స్పెయిన్‌లో 'గోర్డాల్' అనే రకం ఉంది. ఆ మాటకు లావుపాటిది అని అర్థం. 'మంజనీయా' అంటే చిన్న యాపిల్. 'ఓహిబ్లాంకా' అంటే తెల్లాకుది. దాని ఆకు అడుగువైపు తెల్లగా మెరుస్తుంది. గ్రీసులో 'కాలమాటా' అన్నది ఒక పట్టణం పేరు. బనగానపల్లె పేరు మామిడికి వచ్చినట్లే, ఆ పట్టణం పేరు అక్కడి కాయకు వచ్చింది. కొన్ని రకాలు పచ్చిగా కోయడానికి బాగుంటాయి, కొన్ని ముదిరిన తరువాతే రుచికి వస్తాయి.

కాయలోని చేదుకు కారణం 'ఓలియురోపీన్' అనే పదార్థం. కాయను పురుగుల నుంచి, బూజు నుంచి కాపాడడానికి చెట్టు చేసుకొన్న ఏర్పాటు అది. కాయ ముదిరేకొద్దీ ఇది కొంత తగ్గుతుంది గాని, పూర్తిగా పోదు. అదృష్టం ఏమిటంటే ఈ పదార్థం నీటిలోకి దిగుతుంది. కాయను గాటుపెట్టి నీళ్ళలో వేసి, రోజూ నీళ్ళు మారుస్తూ పోతే చేదు మెల్లగా దిగిపోతుంది. ప్రాచీనులు మొదట తెలుసుకొన్న ఉపాయం బహుశా ఇదే అయి ఉంటుంది. ఇప్పటికీ మధ్యధరా పల్లెల్లో ఇళ్ళలో పచ్చికాయను రాతితో చితక్కొట్టి, కొద్ది రోజులు నీళ్ళు మార్చి, ఉప్పునీటిలో వేసుకొంటారు. కాని టన్నుల కొద్దీ కాయలకు ఇలా చేయడం కుదరదు.

స్పెయిన్ దేశపు సెవిల్ ప్రాంతంలో పచ్చకాయలను తయారుచేసే పద్ధతిని చూడండి. కాయలను చేతితోనే కోస్తారు. మెడకు బుట్ట తగిలించుకొని, కొమ్మను పట్టుకొని, వేళ్ళతో కిందికి దూస్తూ కాయలను బుట్టలోకి జారుస్తారు. అక్కడివారు ఈ పనికి పెట్టిన పేరుకు 'పాలు పితకడం' అని అర్థం. నూనెకు పోయే కాయలను కొమ్మలు దులిపి రాల్చినా నష్టం లేదు. తినే కాయకు దెబ్బ తగిలితే అక్కడ గోధుమరంగు మచ్చ పడుతుంది. అటువంటి కాయను ఎవరూ కొనరు.

కోసిన కాయలను కాస్టిక్ సోడా కలిపిన నీటిలో వేస్తారు. నూరు పాళ్ళ నీటిలో సోడా రెండు నుంచి నాలుగు పాళ్ళు ఉంటుంది. ఇది ఘాటైన క్షారం. చేతికి తగిలితే చర్మం కాలుతుంది. కాబట్టి ఇది ఇంట్లో ప్రయత్నించవలసిన పని కాదు. క్షారం కాయ తోలు గుండా లోపలికి దిగుతూ ఓలియురోపీన్‌ను చేదు లేని ముక్కలుగా విడగొడుతుంది. ఎంతసేపు ఉంచాలన్నది గడియారం ఒక్కటే చెప్పదు. ఆనాటి ఎండ, కాయ పరిమాణం, ముదురు కూడా చూడాలి. సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. పనివాడు మధ్యమధ్య ఒక కాయను నిలువుగా కోసి చూస్తాడు. క్షారం ఎంతవరకు దిగిందో రంగు తేడాను బట్టి తెలుస్తుంది. తోలునుంచి టెంక దాకా ఉన్న కండలో మూడింట రెండు వంతులు దాటగానే ఆపుతాడు. టెంక పక్కన కొద్దిగా చేదు మిగలాలి. అది కూడా పోతే కాయకు రుచే ఉండదు. చేదును పూర్తిగా చంపకుండా ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఈ విద్యలో నిపుణుడని చెప్పాలి.

తరువాత మంచినీటితో కడుగుతారు. ఇక్కడా ఒక చిక్కు ఉంది. తక్కువ కడిగితే క్షారం మిగిలిపోతుంది. మరీ ఎక్కువ కడిగితే కాయలోని కొద్దిపాటి చక్కెర కూడా నీటితో పోతుంది. ఆ చక్కెర ఎందుకంటారా? తరువాత పనిచేయవలసిన సూక్ష్మజీవులకు అదే ఆహారం. కడిగిన కాయలను పది, పన్నెండు శాతం ఉప్పు ఉన్న నీటిలో వేస్తారు. ఒక్కొక్క తొట్టిలో పది టన్నుల కాయలు పడతాయి. పూర్వం ఓక్ చెక్కతో చేసిన పీపాలు వాడేవారు. ఇప్పుడు ఫైబర్ గ్లాసు తొట్లను నేలలో పాతిపెట్టి ఉంచుతున్నారు. ఉప్పునీటిలో చెడు జీవులు చాలావరకు బతకలేవు. ఉప్పును తట్టుకొనే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా బతుకుతుంది. పాలను పెరుగు చేసే జీవులు, ఇడ్లీపిండిని పులియబెట్టే జీవులు దీనికి బంధువులే. ఇది చక్కెరను తిని ఆమ్లాన్ని తయారుచేస్తుంది. నెలలు గడిచేసరికి తొట్టిలోని నీరు పుల్లబడుతుంది.

పులుపును కొలవడానికి శాస్త్రజ్ఞులు పి.హెచ్. అనే కొలతను వాడతారు. మంచినీటి పి.హెచ్. 7. ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్లు. బాగా ఊరిన పచ్చ ఆలివ్‌ల నీటిలో అది 4 దాకా దిగుతుంది. ఏ కారణంవల్లనైనా పులుపు చాలినంత రాకపోతే, ఉప్పు కూడా తగ్గితే, వేరే జీవులు చేరి తొట్టి మొత్తం కంపు కొడుతుంది. ఆ కంపు తోలు వాసనలా ఉంటుందని స్పెయిన్‌వారు ఆ తెగులుకు చెప్పులు కుట్టేవారి వృత్తి పేరు పెట్టారు. అలా చెడిన తొట్టి ఇక మనుషుల తిండికి పనికిరాదు.

ఊరిన కాయలను పరిమాణం ప్రకారం వేరుచేస్తారు. లెక్క తిరగవేసి ఉంటుంది: కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్నదే కొలత. కిలోకు 200 తూగితే పెద్దకాయ, 300 తూగితే చిన్నకాయ. యంత్రం టెంక తీసివేస్తుంది. ఆ ఖాళీలో ఎర్రని బుంగమిరప ముక్కను కూరుతారు. పూర్వం ఈ ముక్కలు కోసి కూరడం చేతిపనిగా జరిగేది. ఇప్పుడు మిరపను ముద్దచేసి, సముద్రపు నాచునుంచి తీసిన జిగురు కలిపి, పట్టీలుగా గట్టిపరచి, యంత్రంతోనే కోసి కూరుతున్నారు. పచ్చకాయ నడుమ కనిపించే ఎర్రచుక్క అదే.

గ్రీసువారికి ఇంత తొందర లేదు. వారు చెట్టుమీదే నల్లబడిన కాయలను కోసి, క్షారం జోలికి పోకుండా, నేరుగా ఉప్పునీటిలో వేస్తారు. చేదు తనంతట తాను నీటిలోకి దిగేదాకా ఎనిమిది నెలలు, ఒక్కొక్కసారి సంవత్సరం ఆగుతారు. ఉప్పునీటిలో కాయ నలుపు కొంత వెలిసిపోతుంది. బయటికి తీసి ఒకటి రెండు రోజులు గాలి తగలనిస్తే తిరిగి రంగు వస్తుంది. కాలమాటా కాయకు మాత్రం నిలువుగా గాట్లు పెడతారు. గాటునుంచి చేదు త్వరగా దిగుతుంది. ఆ తరువాత ద్రాక్షసారా పులిసిన వినెగర్‌లో ఊరబెట్టి, పైన ఆలివ్ నూనె పోస్తారు. బాదంకాయ ఆకారంలో, ఊదా నలుపులో ఉండే ఆ కాయ రుచిని మెచ్చనివారు అరుదు. ఇవి కాక థాసోస్ అనే గ్రీకు ద్వీపంలో నీరే లేకుండా, పండిన కాయలకు కల్లుప్పు పట్టించి ఉంచుతారు. ఉప్పు కాయలోని నీటిని, దానితోపాటు చేదును బయటికి లాగుతుంది. కాయ ముడుచుకొని ఎండుద్రాక్షలా తయారవుతుంది. మాగాయకు మామిడిముక్కలను ఉప్పులో వేసి ఊట తీయడం చూసినవారికి ఇది కొత్తగా తోచదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనం ఊరగాయ అంటాం. తమిళంలో ఊరుగాయ్ అంటారు. కన్నడంలో ఉప్పినకాయి, మరాఠీలో లోణచే. మొదటి రెండు పేర్లలో ఊరడం ఉంది. కన్నడ, మరాఠీ పేర్లలో ఉప్పు ఉంది. ఆలివ్ కాయను నిలవచేసే పని మొత్తం ఈ రెండు మాటల్లోనే ఉంది. ఇంతవరకు చూసిన కాయలన్నిటికీ రక్షణ ఉప్పే, పులుపే. అందువల్ల వాటిని ఎందులో పెట్టినా పెద్ద ప్రమాదం లేదు. గాజుసీసాలో ఉప్పునీటితో నింపి, మూత బిగించి, నీళ్ళు మరగనంతటి మితమైన వేడి చూపిస్తే చాలు. ఉప్పు పట్టించిన ముడుత కాయలను సంచుల్లో గాలి తీసివేసి కట్టినా నిలుస్తాయి.

ప్రమాదం నాలుగో పద్ధతితో వచ్చింది. అది అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. పద్దెనిమిదో శతాబ్ది చివరలో స్పెయిన్‌నుంచి వచ్చిన క్రైస్తవ మతగురువులు తమ మఠాల తోటల్లో అక్కడ ఆలివ్ నాటారు. నూరేళ్ళ తరువాత ఫ్రెడా ఏమన్ అనే ఆమె చేతికి ఒక ఆలివ్ తోట వచ్చింది. ఆమె జర్మనీలో పుట్టి అమెరికాకు వచ్చినది, భర్త చనిపోయాడు, వయసు యాభై దాటింది. నూనె తీస్తే గిట్టుబాటు కాదని గ్రహించి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు యూజీన్ హిల్గార్డ్‌ను అడిగి కాయను ఊరబెట్టే పద్ధతి తెలుసుకొంది. 1897లో ఓక్లాండ్ నగరంలో కూతురి ఇంటి వెనుక వసారాలో పీపాలు పెట్టి 280 గ్యాలన్ల కాయలు తయారుచేసింది. ఆ కాయలు అమ్ముడుపోయాయి. మరుసటి సంవత్సరమే ఒక సంస్థగా వ్యాపారం మొదలైంది. చేదుగాని పులుపుగాని లేని, మెత్తని, నల్లని ఆలివ్ కాయను అమెరికన్లకు అలవాటు చేసినవారిలో ఆమె పేరు ముందు చెబుతారు.

ఇప్పుడు ఈ పద్ధతి ఇలా జరుగుతుంది. కాయలను ఇంకా పచ్చగానో, పసుపు తిరుగుతుండగానో కోస్తారు. పలచని క్షారంలో ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు ముంచుతారు. ప్రతిసారీ మధ్యలో కాయలు మునిగిన నీటిలోకి గొట్టాలతో గాలి ఊదుతారు. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అలాగే కాయలోని పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లబడతాయి. ఆ నలుపు వెలిసిపోకుండా ఫెర్రస్ గ్లూకోనేట్ అనే ఇనుప లవణాన్ని కొద్దిగా కలుపుతారు. దాదాపు వారం రోజుల్లో పని పూర్తవుతుంది. క్షారం టెంకదాకా దిగింది కాబట్టి చేదు లేదు. పులియబెట్టలేదు కాబట్టి పులుపు లేదు. ఉప్పు కూడా తక్కువే. అంటే ఇతర ఆలివ్‌లను కాపాడిన కాపలాదారు ఒక్కరూ ఈ కాయకు లేరన్నమాట.

1919 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కాంటన్ నగరంలో ఒక విందు జరిగింది. విందులో కాలిఫోర్నియానుంచి గాజుసీసాలో వచ్చిన నల్ల ఆలివ్‌లు వడ్డించారు. తిన్నవారిలో 14 మంది జబ్బుపడ్డారు. వారిలో ఏడుగురు మరణించారు. ఆ తరువాత కొద్ది నెలల్లోనే డెట్రాయిట్, న్యూయార్క్ నగరాల్లో కూడా ఇటువంటి చావులు సంభవించాయి. అన్నిచోట్లా కారణం నల్ల ఆలివ్ కాయలే.

చంపినది 'క్లాస్ట్రీడియం బాట్యులినం' అనే బాక్టీరియా చేసిన విషం. ఈ జీవి మట్టిలో ఉంటుంది. గాలి ఉన్నచోట పెరగదు. పులుపు ఉన్నచోటా పెరగదు, పి.హెచ్. 4.6 కంటె తక్కువైతే దాని ఆట సాగదు. కాని గాలి చొరని సీసాలో, పులుపు లేని కాయ దొరికితే దానికి అంతకంటె కావలసింది లేదు. పైగా అది గట్టి గవ్వలాంటి బీజరూపం దాల్చగలదు. నీళ్ళు మరిగే 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని కూడా ఆ బీజం గంటల తరబడి తట్టుకొంటుంది. సీసా చల్లారిన తరువాత మొలకెత్తి విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాలను పట్టి కండరాలను చచ్చుపరుస్తుంది. చివరకు ఊపిరి ఆడదు.

కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు వెంటనే పరిశోధన మొదలుపెట్టారు. ఎర్నెస్ట్ డిక్సన్, కార్ల్ మేయర్ అనేవారు వారిలో ముఖ్యులు. బీజాన్ని చంపాలంటే నీళ్ళు మరిగే వేడి చాలదని తేలింది. 1920లో ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఒక నియమం పెట్టింది. డబ్బాలోని ఆలివ్‌లను 240 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర 40 నిమిషాలు ఉంచాలి. మన లెక్కలో అది సుమారు 116 డిగ్రీల సెంటీగ్రేడు. నీటిని మూతలేని గిన్నెలో ఎంత కాచినా 100 డిగ్రీలు దాటదు. ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచితేనే అంత వేడి వస్తుంది. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పని అదే. కర్మాగారంలో మనిషి పట్టేంత కుక్కర్ ఉంటుంది.

ఆనాటి గాజుసీసాలు ఆ ఒత్తిడికి పగిలిపోయేవి. అందుకే వాటిని అంతకుముందు తక్కువ వేడితో సరిపెట్టేవారు. రేకుడబ్బా అయితే తట్టుకొంటుంది. అప్పటినుంచి అమెరికా దుకాణాల్లో నల్ల ఆలివ్‌లు డబ్బాల్లోకి వెళ్ళిపోయాయి. పులిసిన పచ్చకాయలకు ఆ అవసరం లేదు కాబట్టి అవి గాజుసీసాల్లోనే ఉండిపోయాయి. ఒకే బల్లమీద పక్కపక్కనే పచ్చకాయ సీసాలో, నల్లకాయ డబ్బాలో కనిపించడానికి కారణం ఇదీ. లోపలి ఒత్తిడికి సరిసమానంగా బయట కూడా ఒత్తిడి ఉంచే యంత్రాలు వచ్చిన తరువాత నల్లకాయలు గాజుసీసాల్లో, మెత్తని సంచుల్లో కూడా రావడం మొదలైంది. కాని ఆ వేడి మాత్రం తప్పదు.

మన దేశంలో 2008నుంచి రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సహకారంతో ఆలివ్ తోటలు వేశారు. అది నూనె కోసం. మన అంగళ్ళకు వచ్చే ఊరిన ఆలివ్ కాయలు చాలావరకు స్పెయిన్ దేశానివి. పిజ్జామీద కనిపించే నల్లని ఉంగరాల వంటి ముక్కలు కాలిఫోర్నియా పద్ధతిలో నల్లబరచినవే. సీసామీది చీటీని చదివితే మరికొన్ని సంగతులు తెలుస్తాయి. బరువు రెండు విధాలుగా రాసి ఉంటుంది. మొదటిది నీటితో కలిపి. రెండోది నీరు వంచివేసిన తరువాత కాయల బరువు. కొనేవారు చూడవలసింది రెండోదాన్ని. సరుకుల జాబితాలో 579 అనే సంఖ్య ఉన్నదేమో చూడండి. అది ఫెర్రస్ గ్లూకోనేట్‌కు ఇచ్చిన గుర్తు సంఖ్య. ఉంటే ఆ కాయ కర్మాగారంలో నల్లబడినది. ఆ సంఖ్య లేకుండా, ఉప్పు, వినెగర్ మాత్రమే ఉండి, కాయల రంగు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటే అది చెట్టుమీద నల్లబడినది. ఇక మూతగాని డబ్బా అడుగుగాని ఉబ్బి ఉంటే, ధర ఎంత తగ్గించి ఇచ్చినా ఆ సరుకు ముట్టుకోకూడదు.

అభ్యాసం

1. పచ్చ ఆలివ్, నల్ల ఆలివ్ వేరువేరు చెట్ల కాయలా? మీ జవాబుకు కారణం రాయండి.

2. సెవిల్ పద్ధతిలో క్షారాన్ని టెంకదాకా దిగనివ్వరు. కాలిఫోర్నియా పద్ధతిలో దిగనిస్తారు. దీనివల్ల కాయ రుచిలోను, దాన్ని నిలవచేసే విధానంలోను వచ్చే తేడాలేమిటి?

3. 1919లో గాజుసీసాలోని పచ్చకాయలు కాక నల్లకాయలే ఎందుకు ప్రాణాలు తీశాయి?

4. 'దాని ఆట సాగదు', 'కాపలాదారు ఒక్కరూ లేరు' – ఈ మాటలను పాఠంలో ఏ సందర్భంలో వాడారు? వీటిని సొంత వాక్యాల్లో ఉపయోగించండి.

5. మీ ఇంట్లో ఏడాదిపాటు నిలవ ఉండే ఊరగాయ ఒకదాన్ని ఎంచుకోండి. దానికి ఎంత ఉప్పు వేస్తారో, ఎన్ని రోజులు ఊరనిస్తారో, ఏ పాత్రలో ఉంచుతారో పెద్దలను అడిగి రాయండి. మీ పొరుగున వేరే భాష మాట్లాడేవారు ఉంటే వారి ఇంటి పద్ధతిని కూడా అడిగి పక్కన రాయండి.